మచ్చ తైలం

వాసవీకుమారిని పోయినవారం కుందేళ్ల గది గుమ్మంలో నిలబెట్టి మన పనుల మీద మనం వెళ్లిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒక చెయ్యి తలుపు గడియ మీద, ఒక చెవి తలుపు సందులో. లోపల గురు భాయి కుందేళ్లతో మాట్లాడుతున్నాడు. అందులో వింతేమీ లేదు. జంతువుల్ని చూసుకునే అటెండరు జంతువులతో కాక ప్రిన్సిపాలుతో మాట్లాడతాడా? వింతల్లా ఆయన తెలుగులో మాట్లాడుతున్నాడు.

"ఓలమ్మ, సెవులపిల్లీ, సెవి ఇలగియ్యే. ఓపాలి సూసి ఒగ్గెత్తాను."

చెవులపిల్లి చెవి ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఈ కాలేజీలో దాని ఉద్యోగమే చెవులివ్వడం.

బరంపురం ఊరి చివరి ఈ ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ఏం జరుగుతోందో కొత్తవాళ్లకు ఒక ముక్క చెప్పాలి. కొందరి ఒంటికి గాయమైతే మానుతుంది గాని, మానడం ఎక్కడ మానాలో దానికి తెలియదు. మచ్చ ఉబ్బి, గట్టిపడి, గాయం హద్దు దాటి కాయలా పెరుగుతుంది. కోసేస్తే రెట్టింపై మొలుస్తుంది. దాన్ని కెలాయిడ్ అంటారు. ఇంగ్లీషు మాటే గాని మనవాళ్లెవరో పెట్టిన పేరులాగే ఉంది. కెలికితే పెరిగేది కెలాయిడ్. దానికి మందు కనిపెడుతున్నారు డాక్టర్ రామచంద్రరావు గారు. మందుకు రామ్‌స్కార్ అని తన పేరే పెట్టుకున్నారు. నమస్కారానికీ పురస్కారానికీ మధ్య ఎక్కడో ఇమిడేలా ఉందని మురిసిపోయారు. తిరస్కారం కూడా ఆ వరసలోదేనని ఆయనకెవరూ చెప్పలేదు.

కుందేలు చెవి లోపలివైపు చర్మం మెత్తని ఎముకకు అతుక్కుని ఉంటుంది. అక్కడ గాయం చేస్తే మనుషులకొచ్చినట్టే ఎత్తయిన మచ్చ వస్తుంది. అందుకని ప్రతి కుందేలుకూ రెండు చెవుల్లోనూ గాయాలు. ఎడమ చెవికి రామ్‌స్కార్ సూది. కుడి చెవికి సూది లేదు, ఉత్త నూనెతో మర్దనా మాత్రమే. ఎడమదాన్ని పోల్చి చూడటానికి ఉంచిన ఈ కుడి చెవిని కంట్రోల్ అంటారు. కంట్రోలంటే మన గంజాం జిల్లాలో బియ్యం, కిరసనాయిలు ఇచ్చే కొట్టు. ఇక్కడా అదే పద్ధతి. కంట్రోలుకు వెళ్లినవాడికి అసలు సరుకు దొరకదు.

ఈ పని మీదే వాసవి పీహెచ్‌డీ. ఫలితం అద్భుతం. కుడి చెవి మీద మచ్చలు రేగుపళ్లంత లేచాయి, ఎడమ చెవి మీదవి వాటి పక్కన చదునుగా కనబడ్డాయి. సారు స్వీట్లు పంచారు. వాసవి నాన్న బడా బజారులో అప్పడాల హోల్‌సేల్ వ్యాపారి. కూతురు డాక్టరవుతోందని ఆయన ప్రొఫెసరు గారింటికి మిరియాల అప్పడాల కట్ట పంపించారు. ఆ అప్పడాల చప్పుడు మనకు ఇంకాసేపట్లో వినిపిస్తుంది.

వాసవి తలుపు తోసింది. గురు భాయి చటుక్కున నోరు మూసి, మళ్లీ తెరిచి, ఒడియాలో, ఏం కావాలి మేడమ్ అన్నాడు.

"మీరు తెలుగువాళ్లా?" అంది వాసవి, తెలుగులో.

చేతిలో కుందేలూ, కుందేలు వెనక మనిషీ ఒకేలా బిగుసుకుపోయారు. కాలేజీ రికార్డులో ఆయన గురు బెహెరా. పొడంపేట సముద్రపొడ్డున అందరూ పిలిచే పేరు గురువులు. ఆ సముద్రం ముందు వాకిలి తిన్నది, తర్వాత ఇల్లు తిన్నది, తుఫానులో పడవనూ తిన్నది. పడవ పోయింది గాని, పడవ చెక్కలకు పూసే నూనె సీసాలు మాత్రం బావమరిది గుడిసెలో మిగిలాయి. గురువులు పట్నమొచ్చి ఈ ఉద్యోగంలో చేరాడు. చేరిన రోజే రామచంద్రరావు గారు చెప్పారట, ల్యాబులో తెలుగు మాట వినపడకూడదని. ఆయనా తెలుగువాడే. ఆ సంగతి తలుపు మూసిన గదిలో మాత్రమే నిజం. తెలుగువాళ్లంతా గుంపు కట్టారని ఎవరైనా అంటే తన పదవికి ముప్పని ఆయన భయం. వాసవికీ మొదటి రోజే అదే పాఠం చెప్పారు. దాంతో ఈ ఇద్దరూ ఇన్నాళ్లూ ఒకరికొకరు ఒడియా నటించుకుంటూ బతికారు. ఆమె లెక్కలో ఆయన బెహెరా. ఆయన లెక్కలో ఆమె ఎవరో పెద్దింటి ఒడియా అమ్మాయి.

"మా నాన్నది బడా బజారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే," అంది వాసవి.

గురువులు మొహం విప్పారింది. కుందేల్ని పంజరంలో పెట్టాడు. అది వెనక్కి తిరిగి ఆయన చొక్కా చేతిని పట్టుకు లాగింది. మచ్చిక చేసుకున్నాడు మరి. మచ్చలు పెట్టేది ఒకరు, మచ్చిక చేసేది ఒకరు.

ఇప్పుడీయన్ని ఏమని పిలవాలో వాసవికి తోచలేదు. ఒడియాలో భాయి. తెలుగులో వరస కావాలి. ముందొక 'బా' తగిలిస్తే సరిపోయింది. భాయి కాస్తా బాబాయి అయ్యాడు.

బాబాయికి ఆ వరస తలకెక్కింది. దాచుకున్న మాటలన్నీ కట్ట తెగినట్టు వచ్చాయి. ఇల్లు పోయిన సంగతి, ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్లు ఇసుకెక్కే రోజుల్లో వలలు మూలన పడేయాల్సిన సంగతి, అన్నిటికంటే కూతురు చిట్టమ్మ సంగతి. చిట్టమ్మ పట్టుచీరల దుకాణంలో పని చేస్తుంది. ఠాకురాణీ అమ్మవారి యాత్రలో సరదాపడి ఒక బండివాడి దగ్గర రెండు చెవుల పై అంచులూ కుట్టించుకుంది. కుట్లు మాని కాయలు కాశాయి. ఎవరో కోశారు. కోసినవాడు డబ్బు తీసుకుని వెళ్లాడు, కాయలు రెట్టింపు తీసుకుని వచ్చాయి. చీరలు ఒంటి మీద వేసుకుని చూపించే పిల్లను దుకాణం యజమాని వెనక గదిలోకి మార్చాడు, మడతలు పెట్టుకోమని. ఎండాకాలంలోనూ చున్నీ చెవుల మీంచి దిగదు.

"సారు దయ తలిసినారమ్మా. మొదటి సూది నా కూతురికే. సుక్కురారం నాడు సారు మేనల్లుడి ఆస్పత్రిలో. కాయలు కోసీసి, సూదేత్తారంట. నా కళ్లతో సూసినాను గదా, ఎడం సెవులన్నీ ఎంత బాగయినాయో. మీ మందు దేవుడమ్మా."

వాసవి ఛాతీ పొంగింది. చదువు ఒక మనిషి చెవి దాకా చేరబోతోంది. ఆ పొంగు చల్లారడానికి ఎంతోసేపు పట్టలేదు. గురువులు గోడవార ఉన్న ఖాళీ సీసా తీసి చూపించాడు.

"సేపనూని అయిపోనాదమ్మా. ఇంకోటి తెమ్మన్నారు సారు. ఊరెల్లి తేవాల."

"ఏ చేప నూనె?" అంది వాసవి.

"అదేనమ్మా, కుడి సెవికి రాయమన్నారు గదా. మీరే సెప్పినారు, ఫోన్లో."

ఇక్కడ మనం కాస్త వెనక్కి వెళ్లాలి, ఆమె మనసు వెళ్లినంత దూరం. గాయాలు మానుతున్న రోజుల్లో వాసవికి అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, పైన జ్వరం. ల్యాబు గడప తొక్కకూడదు. మంచం మీంచి ఫోన్లో గురు భాయికి పని పురమాయించింది. మచ్చల మీద రాసే ఉత్త నూనె అల్మారాలో ఉంది, తెల్లసీసాలో. దానికి ఆమె ఇంట్లో చెప్పుకునే పేరు మచ్చ తైలం. ఒడియాలో మచ్చను దాగొ అంటారు. పుట్టిన దగ్గర్నుంచీ ఒడియా మాట్లాడిన మనిషికి ఆ మాట తెలియక కాదు. జ్వరంలో నాలుక ఇంటికెళ్లిపోయింది. ఒడియా వాక్యం మధ్యలో తెలుగు మచ్చ వచ్చి కూర్చుంది. గురు భాయి, డాహాణొ కానొరె మచ్చ తేలొ లొగెయ్ దెబొ, అంది. కుడి చెవికి మచ్చ నూనె రాయండి అని.

అవతల ఉన్నది పొడంపేట మనిషి. ఒడియాలో మాఛొ అంటే చేప. తరతరాలుగా చేప తప్ప మరో మాట వినని చెవి అది. మాఛొ తేలొ? అని ఒకసారి అడిగాడు కూడా. హఁ హఁ, మచ్చ తేలొ, అంది వాసవి, పొక్కులు గోక్కుంటూ. పెద్ద చదువుల వైద్యం ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు గురువులు. బావమరిది గుడిసెలోంచి సొరచేప కార్జపు నూనె తెచ్చాడు, పడవ చెక్కలకు పూసేది, ఎన్నాళ్లదో, చిక్కబడి మురిగిపోయింది. దాన్ని పచ్చి గాయాల మీద పూసి శ్రద్ధగా మర్దనా చేశాడు. ఆయన శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు. ఒక్కపూట మానలేదు.

ఇద్దరూ తెలుగువాళ్లు. ఇద్దరూ తెలుగులో మాట్లాడుకుని ఉంటే మచ్చ మచ్చగానే ఉండేది. ఒకరి ముందొకరు ఒడియా వేషం కట్టినందుకు మచ్చ ఈత కొట్టింది.

లెక్క దానంతటదే తెగింది. ఎడమ చెవి మచ్చ మందు లేకపోయినా లేచేంతే లేచింది, మందు దాన్ని చదును చేయలేదు. కుళ్లిన నూనె రుద్దుళ్లకు పుండై, వాచి, కుడి చెవి లేచింది. పొట్టివాడి పక్కన గుంట తవ్వి ఇంకో పొట్టివాణ్ణి అందులో నిలబెడితే మొదటివాడు పొడుగ్గా కనబడడా? రామ్‌స్కార్ పొడుగంతా ఆ గుంటే. దీనికి తోడు ఎడమ చెవుల్లో కొన్నిటికి సూది వేసిన చోట నల్లబడి, ఎండి, చిల్లులు పడ్డాయి. పంజరం చువ్వలు గీసుకున్నాయని చెప్పి సారు వాటిని లెక్కలోంచి తప్పించారు. ఆమె నమ్మింది. థీసిస్‌లోకి వెళ్లినవి కొన్నే, తీసేసినవి కొన్ని.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అన్నిటికంటే చేదైనది. జ్వరం తగ్గి ల్యాబుకొచ్చిన రోజే ఆ వాసన ఆమె ముక్కుకు తగిలింది. చేప కంపు. ఎక్కడిదని అడగలేదు. ఈ మనిషిదే అనుకుంది. పల్లెకారు మనిషి, ఒంటి వాసన, అనడం మర్యాద కాదు అనుకుని ముక్కు బిగబట్టి, ఊపిరి ఆపుకుని, ఆయన మీద జాలి కూడా పడింది. మర్యాద ముక్కు మూయకపోతే ఆ రోజే బయటపడేది.

"ఏటమ్మా, అలగున్నారు?" అన్నాడు గురువులు.

ఆమె చెప్పి ఉండాల్సింది. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి చెప్పలేకపోయింది. ఏమీ లేదు బాబాయ్ అంది. శుక్రవారం సంగతి ఒకసారి సారుతో మాట్లాడి చెబుతానంది. సారు ఆ పూట భువనేశ్వర్‌లో ఉన్నారు, మందు కొనబోయే కంపెనీవాళ్లతో. ఒక్కరాత్రే కదా అనుకుంది.

మర్నాడు పొద్దున్నే రామచంద్రరావు గారి గదిలో కూర్చుంది. గురువులు పనిలోకి రాలేదు. సారు తలుపు వేశారు. తలుపు గొళ్లెం పడగానే భాష మారింది.

"టీ తాగుతావా అమ్మా? అప్పడాలు మీ నాన్నవే."

గైడంటే దారి చూపేవాడని నిఘంటువు. ఈయన దారి కాచేవాడు. వాసవి టీ వద్దంది. కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. ఫోనూ, జ్వరమూ, మచ్చా, మాఛొ, సొరచేప నూనే, అన్నీ. తప్పు తనదే అని కూడా చెప్పింది. కుందేళ్లను కొత్తగా తెచ్చి, కుడి చెవికి శుభ్రమైన నూనె రాసి, మళ్లీ మొదలుపెడదామంది. అప్పటిదాకా చిట్టమ్మ చెవుల జోలికి ఎవరూ పోకూడదంది.

సారు అప్పడం విరిచారు. ఆ గదిలో అంత పెద్ద చప్పుడు చేసింది అదొక్కటే.

"నాకు ముక్కుందమ్మా," అన్నారు.

వాసవికి వెంటనే అర్థం కాలేదు.

అర్థమయ్యేలా ఆయనే చెప్పారు, పాఠం చెప్పినంత నెమ్మదిగా. ఆమె మంచం మీదున్న మొదటి వారంలోనే ఆయన కుందేళ్ల గదికి వెళ్లారు. కంపు మనిషిదా చెవిదా అని వంగి చూశారు. చెవిది. గురును అడిగితే మేడమ్ చెప్పారన్నాడు. సరే అన్నారు. ఆ మీదట వారం వారం వచ్చి కుడి చెవుల ఎత్తు కొలుచుకుని వెళ్లారు.

"తెలిసీ ఆపలేదా సార్?"

"ఏం ఆపాలి? కుడివైపు లేస్తోంది. లేచినదాని పక్కన లేవనిది ఏదైనా మందులాగే ఉంటుంది."

"అంటే రామ్‌స్కార్ పనిచేయదని మీకు తెలుసు."

"పనిచేయదని రుజువు కాలేదు." ఆయన ఇంకో ముక్క నోట్లో వేసుకున్నారు. "కాబట్టి పనిచేయొచ్చు."

నల్లబడిన చెవుల గురించి అడిగింది. కుందేలు కుందేలే, మనిషి మనిషే అన్నారు సారు. మరి ఇన్నాళ్లూ కుందేలు చెవి అంటే మనిషి చర్మమే అని పాఠాలు చెప్పారుగా అంది వాసవి. మొదటిసారి ఆయన కళ్లు చిన్నవయ్యాయి. మన హుమ్మ ఉప్పుమళ్లు ఇక్కడికి దగ్గరే. అయినా గాయం మీద చల్లడానికి ఆయన అంతదూరం వెళ్లలేదు. ఉప్పు నాలుక మీదే ఉంచుకున్నారు.

"మచ్చ అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చింది? నాది కాదుగా. ల్యాబులో తెలుగు వద్దని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా? నువ్వు బయట చెబితే అడిగేది ముందు నిన్ను. తర్వాత గురును. జంతువులకు పడవ నూనె పూసిన మనిషికి ఉద్యోగం ఉంటుందా? ఇల్లు లేదు, పడవ లేదు. ఈ ఉద్యోగం కూడా నీ నోటితోనే తీసేస్తావా?"

ఆయన కేకలేసి ఉంటే ఎదురు చెప్పేది. బుజ్జగిస్తున్నట్టు మాట్లాడారు. మత్తు సూదికి కుందేలు మెడ ఎలా వాలుతుందో ఆమె ఎన్నిసార్లో చూసింది. తన మెడ అలా వాలుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"చిట్టమ్మకి మాత్రం ఆ సూది వద్దు సార్," అంది చివరికి. "థీసిస్ పోతే పోనీండి."

"కంపెనీవాళ్లకు కుందేలు బొమ్మలు చాలవట. మనిషి చెవి ఫోటో కావాలట. రెండు చెవులూ ఒకే మనిషివైతే ఇంకా మంచిదట." సారు చేతులు దులుపుకున్నారు. అప్పడపు పొడి కాగితాల మీద రాలింది. "ఇంతకీ ఆ పిల్ల తండ్రికి ఏ భాషలో చెబుతావు? మా మందు పనిచేయదు, నా మాట వల్ల నువ్వు మోసపోయావు అని? చెప్పు, ఆయనేమంటాడో. శుక్రవారం దాకా టైముంది. ఆలోచించుకో."

తర్వాత చాలాసేపు కూర్చోబెట్టారు. థీసిస్‌లో మూడో అధ్యాయం సంగతి అడిగారు, వాళ్ల నాన్న బీపీ సంగతి అడిగారు, వానలు పడతాయేమో అన్నారు. వెళ్తానంటే ఇంకో కప్పు టీ తెప్పించారు. సారుకు ఇంత తీరిక ఎప్పటినుంచి అని ఆమెకు అనుమానం రావాల్సింది. వచ్చేసరికి టీ చల్లారిపోయింది.

బయటికొచ్చి నేరుగా కుందేళ్ల గదికి నడిచింది. తాళం. పంజరాల్లోంచి కదలిక వినిపిస్తోంది, ఆ చొక్కా చెయ్యి కోసం. ఏ భాషలో చెబుతావన్న మాట చెవిలో గింగురుమంటోంది. ఇంటి భాషలోనే చెబుతాను అనుకుంది. ఆయన తిడితే ఆ తిట్టు కూడా ఇంటి భాషలోనే పడుతుంది, పడనీ. వరండాలో నిలబడి గురువులుకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తింది ఆడగొంతు.

"అలో. ఎవులు?"

వాసవి తన పేరు చెప్పింది. అవతల గొంతు ఒక్కసారి తీపెక్కింది.

"మేడమ్మా. నాను సిట్టెమ్మని. నాన్న మీ గురించే సెప్తన్నాడు నిన్నటినుంచీ. తెలుగోరంట గదా మీరు."

నాన్నకి ఫోనివ్వమంది వాసవి. నాన్న లేడంది చిట్టమ్మ. ఊరెళ్లాడట, ఫోన్ ఇక్కడే వదిలేసి. ఇక్కడంటే ఎక్కడ అని అడిగే లోపల అటువైపు ఇనుప ట్రే ఏదో చప్పుడైంది. ఆ చప్పుడు వాసవికి బాగా తెలుసు.

చిట్టమ్మ చెప్పుకుపోయింది. నిన్న సాయంత్రం నాన్న సారుకు ఫోన్ చేశాడట, మేడమ్మ తెలుగోరేనని, నూనె గురించి కూడా అడిగిందని, సంతోషం పట్టలేక. సారు అంతా విన్నారట. విని, శుక్రవారం దాకా ఎందుకు, రేపు పొద్దున్నే తీసుకురా, మా మేనల్లుడికి చెబుతాను అన్నారట. ఇందాకే అయిపోయిందట. రెండు కాయలూ తీసేశారట. నొప్పి తెలియలేదట, ఇప్పుడిప్పుడే తెలుస్తోందట. తీసిన కాయల్లోంచి మచ్చుకు ఒక ముక్క సీసాలో వేసి, సారుకు చూపించాలని పక్కన పెట్టారట. ఆ ముక్కను చూస్తే జాలేసిందట చిట్టమ్మకు, ఇన్నాళ్లూ తనతో ఉన్నదే కదా అని.

"సూది వేశారా?" అంది వాసవి.

"ఏటీ? గట్టిగా సెప్పండమ్మా. సెవులకి రెండిటికీ గుడ్డలు సుట్టీసినారు. సరిగ్గా ఇనబడట్లేదు."

"సూది. వేశారా?"

"ఎడం సెవికి ఏసీసినారు. కుడిదానికి ఎయ్యరంట. పోల్సి సూసుకోడానికంట."

వరండా చివర సారు గది తలుపు తెరుచుకుంది. రామచంద్రరావు గారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. పిలవలేదు, కదల్లేదు. ఫోన్ పట్టుకున్న ఆమె చేతిని చూస్తున్నారు. మెట్ల దగ్గర నలుగురు విద్యార్థులు ఒడియాలో ఏదో జోకు చెప్పుకుని నవ్వుతున్నారు.

"కుడిదానికి ఏం చేస్తారట చిట్టమ్మా?" వాసవి గొంతు ఆమెకే వినపడలేదు. చిట్టమ్మకు మాత్రం ఆ ప్రశ్నతో పని లేకపోయింది. ఆ పిల్ల చెప్పాలనుకున్నదే అది.

"కుడి సెవికి రోజూ నూని రాయాలంట. పచ్చిమీదే రాయాలంట. కుందేళ్లకి నాన్న రాసినాడు సూడండి, అదే నూని. అది పట్టుకు రమ్మనే సారు నాన్నని ఊరు పంపినారు. నర్సమ్మ వాసన పడదని గొణుగుతంది గానీ, నాన్న ఇనలేదు. మేడమ్మ సెప్పిన నూని, మన తెలుగమ్మే, మనకి సెడ్డ సేత్తాదా అన్నాడు. పరిగెత్తి ఎల్లినాడు. ఈపాటికి బస్సు దిగిపోయుంటాడు, వచ్చీగానే రాసేత్తాడు. అది మీరు సెప్పిన నూనే గదమ్మా?"

వాసవి నోరు తెరిచింది. గుమ్మంలో సారు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు, పిల్లల్ని హెచ్చరించినట్టు, చిన్నగా తల ఊపుతూ.

"అమ్మా? ఇనబడట్లేదు," అంది చిట్టమ్మ. "ఇంకా గట్టిగా సెప్పండి."